రెండు పెద్ద సున్నాలు, ఒక చిన్న సున్నా

2023 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, చంద్రపూర్‌లోని నా మందుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి, ఒక పాలకోవా పేడా నోట్లో వేసుకుంటూ, నన్ను నమ్మి వచ్చిన మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. తప్పు మందు ఇవ్వలేదు. మందు సరైనదే, మోతాదు ఆమె నెలల తరబడి వాడుతున్నదే, గడువు తేదీ కూడా చూసే ఇచ్చాను. అడగవలసిన ఒక ప్రశ్న అడగలేదు. ఆమె నన్ను అడిగిన ఒక ప్రశ్నకు తప్పు జవాబు చెప్పాను. ఆ తరువాత సంగతి తెలిసి కూడా ఐదు రోజులు నోరు మూసుకున్నాను. మొదటి రెండింటినీ పొరపాట్లు అనుకోవచ్చు. మూడోదానికి ఆ పేరు పెట్టలేను.

మాది రాజురా దాటాక తెలంగాణ సరిహద్దును ఆనుకున్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఫార్మసీ డిప్లొమా చంద్రపూర్‌లోనే చదివి, ఇక్కడే దుకాణం పెట్టాను. ఇరవై రెండేళ్లయింది. దగ్గరి బొగ్గు గనుల కాలనీల నుంచి తెలుగువాళ్లు చాలామంది నా దగ్గరికే వస్తారు. బాధను సొంత భాషలో చెప్పుకోవచ్చని వస్తారు. తెలుగు గలగలా మాట్లాడే ఈ జనంలో తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. అందుకని మందుల కవరు మీద అక్షరాలు రాయడం నేను ఎప్పుడో మానేశాను. బొమ్మలు వేస్తాను. పొద్దున అయితే సూర్యుడు, రాత్రి అయితే నెలవంక. పెద్ద గోళీకి పెద్ద సున్నా, చిన్న గోళీకి చిన్న సున్నా. ఈ పద్ధతి నాకు మంచి పేరు తెచ్చింది. దాని గురించి నేను కొంచెం గర్వంగానే ఉండేవాణ్ని.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. మా దగ్గర డాక్టరు చీటీ పట్టుకుని వచ్చేవాళ్లు తక్కువ. ఖాళీ పత్తా తెస్తారు. పత్తా అంటే గోళీలు ఉండే రేకు. మందు అయిపోగానే ఆ ఖాళీ రేకును కొంగుకో జేబులోనో పెట్టుకుని వచ్చి కౌంటరు మీద పెడతారు. "గివే ఇయ్యి" అంటారు. రేకు మీద పేరు చూస్తాం, అవే ఇస్తాం. చీటీ అయితే చిరుగుతుంది, తడుస్తుంది, పోతుంది. రేకు పోదు. అందరికీ సులువు.

కనకవ్వ కూడా ఖాళీ పత్తాతోనే వచ్చేది.

ఆమెకు నలభై రెండేళ్లు. పద్మాపూర్ వైపు గని కాలనీలో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. భర్త రాజయ్య గనిలో డంపరు నడుపుతాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడు చేసింది. నాగపూర్‌లో ఆపరేషన్ చేసి లోహపు కవాటం అమర్చారు. అలాంటి కవాటం మీద నెత్తురు గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి జీవితాంతం వార్ఫరిన్ అనే మందు వాడాలి. అది నెత్తురు త్వరగా గడ్డకట్టకుండా చూస్తుంది. తక్కువైతే కవాటం మీద గడ్డ, ఎక్కువైతే ఒంట్లో ఎక్కడైనా రక్తస్రావం. రెంటి మధ్య సన్నని దారి. ఆ దారిలో ఉన్నామో లేదో చెప్పేది ఐఎన్‌ఆర్ అనే రక్త పరీక్ష. ఆరోగ్యవంతులకు ఆ అంకె ఒకటి దగ్గర ఉంటుంది. కనకవ్వకు రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. రోజుకు ఐదు మిల్లీగ్రాముల గోళి ఒకటి వేసుకుంటే ఆమె అంకె ఏళ్ల తరబడి అక్కడే నిలిచింది.

2022 వానలు తగ్గుతున్న రోజుల్లో ఆమె మెడ పక్కన గడ్డలు లేచాయి. పరీక్షిస్తే టీబీ. సర్కారు టీబీ సెంటరులో ఉచితంగా మందులు మొదలుపెట్టారు. ఆర్నెల్ల కోర్సు. ఆ మందుల్లో రిఫాంపిసిన్ ఒకటి. టీబీకి అది గట్టి మందు, కానీ దానికో గుణం ఉంది. కాలేయంలో మందులను విరిచి బయటికి పంపే ఎంజైములు ఉంటాయి. రిఫాంపిసిన్ వాటి సంఖ్యను పెంచుతుంది. దాంతో పక్కనున్న వేరే మందులు కూడా మామూలుకంటే చాలా వేగంగా ఒంట్లోంచి పోతాయి. వార్ఫరిన్ అలా పోయే మందుల్లో ముందు వరసలో ఉంటుంది. నాగపూర్ డాక్టరు ఇది తెలిసినవాడు. వారం వారం పరీక్ష చేయిస్తూ, అంకె పడిపోతున్నకొద్దీ మోతాదు పెంచుతూ వచ్చాడు. చివరికి రోజుకు పన్నెండు మిల్లీగ్రాముల దగ్గర ఆమె అంకె మళ్లీ దారిలోకి వచ్చింది. ఐదువి రెండు, రెండుది ఒకటి.

ఆ పెంచిన చీటీ పట్టుకుని వచ్చిన రోజు ఆమె కౌంటరు దగ్గర తగువు పెట్టుకుంది.

"టీబీ గోళి టీబీకి, గుండె గోళి గుండెకు. గిది గదాని జోలికెందుకు పోతది అన్నా? దాని పని అది చేస్కోవద్దా?"

"రాజయ్య బావ గని యాది చేస్కో చెల్లె" అన్నాను. "నీ లివరు ఒక గని. వార్ఫరిన్ బొగ్గు. ఎప్పుడు ఒక్క షిఫ్టోళ్లే బొగ్గెత్తేది. ఇప్పుడు టీబీ గోళి వచ్చి మూడు షిఫ్టులు పెట్టింది, మీదికెల్లి ఓవర్‌టైం. బొగ్గు కుప్ప పడకముందే లారీ ఎక్కి పోతుంది. అందుకే ఎక్కువ పొయ్యాలె."

"మరి నా లివరుకు ఓవర్‌టైం పైసలు ఎవలిస్తరు? నువ్విస్తవా?"

దుకాణంలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ పోలిక నాకే ఎంత నచ్చిందంటే తరువాత పదిమందికి చెప్పాను. అప్పుడే ఒక కొత్త కవరు తీసి స్కెచ్ పెన్నుతో రెండు పెద్ద సున్నాలు, ఒక చిన్న సున్నా, పక్కన నెలవంక వేసి ఇచ్చాను. చీటీని నా ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాను. ఆ చీటీ నాకు అక్కర పడలేదు. ప్రతి నెలా ఆమె ఖాళీ పత్తాలు తెచ్చేది, నేను అవే ఇచ్చేవాణ్ని, ఆమె వాటిని ఇంటికి తీసుకెళ్లి అదే కవరులో వేసుకునేది.

ఇక పేడా రోజు.

ఎండ అప్పటికే దంచుతోంది. కనకవ్వ కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో మిఠాయి డబ్బాతో మెట్లెక్కింది.

"అన్నా, నోరు తెరువు ముందుగాల!"

"ఏంది సంగతి? కొడుకు పెండ్లి కుదిరిందా?"

"పెండ్లి కుదిరితే ఖర్సు, గింత సంబురమెందుకుంటది? టీబీ ఖతం! నిన్నటితోని గోళీలు బందు. సెంటరుల సిస్టరు నాకు చప్పట్లు కొట్టింది ఎర్కేనా?"

పేడా నా చేతిలో పెట్టింది. దుకాణంలో ఉన్న మరో ఇద్దరికి కూడా ఇచ్చింది. తరువాత కొంగు ముడి విప్పి ఖాళీ పత్తాలు కౌంటరు మీద పరిచింది. "గివే ఇయ్యి. ఒక నెలకు."

నేను లోపలికి వెళ్లి ఐదువి ఆరు పత్తాలు, రెండువి మూడు పత్తాలు తెచ్చాను. పత్తాకు పది గోళీలు. వాటిని కాగితంలో చుడుతుంటే ఆమె అడిగింది.

"అన్నా, రక్తం పరీక్ష పోయిన నెల చేపిస్తే మూడొచ్చింది. ఇప్పుడు మళ్ల చేపియ్యాల్నా? మా ఆడబిడ్డ బిడ్డ లగ్గం ఉంది, ఇరవై జాకెట్లు కుట్టేటియున్నయి. తీరుతలేదు."

"మూడొచ్చింది గదా, మంచిగనే ఉంది. వచ్చే నెల చేపియ్యి. ఏం తొందర?"

అదీ నా జవాబు. నోట్లో పేడా తీపి ఇంకా ఉంది. కొన్ని నెలల కింద ఇదే కౌంటరు దగ్గర గని కథ చెప్పినవాణ్ని నేనే. మందు మొదలైతే ఏమవుతుందో అంత చక్కగా చెప్పినవాడికి, అదే మందు ఆగితే ఏమవుతుందో తట్టలేదు. టీబీ మందులు సర్కారు సెంటరులో ఇస్తారు, నా దుకాణంలో దొరకవు. నా అరలో లేని మందు నా బుర్రలో కూడా లేకుండా పోయింది.

రిఫాంపిసిన్ ఆగిన మర్నాడే ఏమీ జరగదు. పెరిగిన ఎంజైములు మెల్లగా తగ్గుతాయి. రెండు మూడు వారాల్లో కాలేయం తన పాత వేగానికి వస్తుంది. గనిలో షిఫ్టులు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. పోసే బొగ్గు మాత్రం ఓవర్‌టైం నాటిదే. కుప్ప పెరుగుతుంది. ఆ పెరగడం బయటికి కనిపించదు.

రెండు వారాలు దాటాక పళ్లు తోముకుంటుంటే ఆమె చిగుళ్లలోంచి నెత్తురు వచ్చింది. మోచేతుల మీద నల్లటి మచ్చలు లేచాయి. ఒక రోజు ముక్కులోంచి కూడా కారింది. చంద్రపూర్ ఎండల్లో ముక్కులోంచి నెత్తురు రావడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఇంట్లోవాళ్లు వేడి చేసిందన్నారు, ఉల్లిగడ్డ వాసన చూపించారు, సబ్జా నీళ్లు తాగించారు. పంతొమ్మిదో రోజు ఆమె కింద పడ్డ కత్తెర తీసుకుని లేస్తూ కుడి తుంటిని మిషను బల్ల అంచుకు కొట్టుకుంది. పెద్ద దెబ్బ కాదు. అయినా రాత్రికల్లా గజ్జలో నొప్పి మొదలై కాలు చాపలేకపోయింది. మర్నాడు పొద్దున, సోమవారం, కళ్లు తిరిగి పడిపోతే సర్కారు దవాఖానకు తీసుకెళ్లారు. ఐఎన్‌ఆర్ ఎనిమిది దాటింది. తుంటి లోపలి కండరంలో నెత్తురు చేరి, కాలికి వెళ్లే నరాన్ని నొక్కుతోంది.

ఇవేవీ నాకు తెలియవు. బుధవారం రాజయ్య దుకాణానికి వచ్చాడు. మిగిలిన గోళీలు కౌంటరు మీద పెట్టాడు. నన్ను మరాఠీ పద్ధతిలో భావు, అంటే అన్న, అని పిలుస్తాడు.

"గివి వాపస్ తీస్కో శంకర్ భావు. దవాఖానల ఇప్పటికి బందు పెట్టిన్రు."

విషయమంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ కోపానికి వచ్చాడు.

"లెక్క రాని మొద్దు. రెండు మింగే కాడ నాలుగు మింగినట్టుంది. డాక్టరమ్మ అడిగితే లేదు లేదంటది. మింగకుంటె ఎట్లెక్కుతది? ఎప్పుడు చూసినా మిషను మీదనే ధ్యాస. ఇగ మా అక్కను పిలిపిస్తున్న, గోళీలు ఆమె చేతుల పెడ్త. మిషను అమ్మేస్త."

"డాక్టరమ్మ ఇంకేమడిగింది బావా?"

"టీబీ గోళీలు ఎన్నడు బందైనయని గూడ అడిగింది. దానికి దీనికి ఏం సంబంధమో! ఎప్పుడో అయిపోయిందమ్మా, టీబీ మొత్తం పోయిందని చెప్పిన."

నా చెయ్యి పత్తాల మీద ఆగిపోయింది.

ఆయన వెళ్లాక లెక్కపెట్టాను. ఐదువి రెండు నిండు పత్తాలు, మూడోదాంట్లో రెండు గోళీలు. రెండువి ఒక నిండు పత్తా, ఇంకో గోళి. ఇరవై రెండు, పదకొండు. పేడా తెచ్చిన రాత్రి నుంచి దవాఖానకు వెళ్లే ముందు రాత్రి దాకా పంతొమ్మిది రాత్రులు. నేనిచ్చినవి అరవై, ముప్పై. పంతొమ్మిది రెండ్లు ముప్పై ఎనిమిది పోతే ఇరవై రెండు. ముప్పైలో పంతొమ్మిది పోతే పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. ఆమె ఒక్క గోళి ఎక్కువ మింగలేదు, ఒక్కటి తక్కువ మింగలేదు. నేను వేసిన బొమ్మను ఆమె తు.చ. తప్పకుండా పాటించింది.

ఫోనులో పాత చీటీ ఫోటో వెతికాను. అందులో మందు పేరు, మోతాదు నేను అప్పుడే చూశాను. అడుగున ఒక వరస ఉంది, దాన్ని అప్పుడు చదవలేదు. టీబీ మందు ఆపే ముందు తప్పక వచ్చి చూపించుకోవాలి, మోతాదు తగ్గించాలి అని ఇంగ్లీషులో. ఖాళీ పత్తా మీద ఆ వరస ఉండదు.

అప్పుడే షట్టరు దించి దవాఖానకు వెళ్లవలసింది. వెళ్లలేదు. గురువారం వెళ్లలేదు, శుక్రవారం వెళ్లలేదు. ఆమె డాక్టర్ల చేతుల్లో ఉంది కదా, మందు ఆపేశారు కదా, నేను వెళ్లి చెప్పినా చెప్పకపోయినా జరిగే వైద్యం జరుగుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లైసెన్సు గుర్తొచ్చింది. కాలనీలో నా పేరు గుర్తొచ్చింది. శనివారం ఎవరో వచ్చి, "పాపం, కనకవ్వ గోళీలు తప్పు మింగిందంట గదా" అంటే, అవునూ కాదూ అనకుండా వాళ్ల మందులు కట్టి ఇచ్చాను. ఈ వృత్తిలో నేను చేసిన వాటిల్లో ఇప్పటికీ తలెత్తుకోనివ్వనిది ఆ మౌనం.

సోమవారం పదకొండు గంటలకు రాజయ్య మళ్లీ వచ్చాడు. మొహం కాస్త తేలికపడి ఉంది.

"రేపు ఇంటికి పంపుతరట భావు. పరీక్ష మంచిగొచ్చింది. గోళీలు ఈ రాత్రి నుంచే మళ్ల షురూ. పాత లెక్కనే, కాకపోతే ఇంట్లోవాళ్లే చేతికియ్యాలన్నరు. నేనిచ్చిన పత్తాలు నీ కాడనే ఉన్నయి గదా, అవే ఇయ్యి."

"పాత లెక్కంటే?"

ఆయన జేబులోంచి నా కవరు తీసి చూపించాడు. మడతలు పడి మెత్తబడింది. రెండు పెద్ద సున్నాలు, ఒక చిన్న సున్నా, నెలవంక.

"గిదే. డాక్టరమ్మకు గూడ గిదే చూపించిన. ఇంట్ల లెక్క తప్పిందని రాసుకుంది. ఇప్పుడు మా ఆమె గూడ ఒప్పుకుంటుందిలే. నేనే ఏమన్న గోల్‌మాల్ చేసిన్నేమో అని ఏడుస్తుంది."

ఆయన అడిగిన పత్తాలు నా వెనక అరలోనే ఉన్నాయి. చెయ్యి చాపి ఇస్తే ఆమె ఈ రాత్రి నుంచి మళ్లీ పన్నెండు మింగుతుంది. ఈసారి ఆడబిడ్డ దగ్గరుండి లెక్కపెట్టి మరీ మింగిస్తుంది. మరో రెండు వారాలకు నెత్తురు ఎక్కడ కారుతుందో, మెదడులోనో, కడుపులోనో.

"నడువు బావా. నేను గూడ వస్తున్న."

"నువ్వెందుకు? గిరాకీ ఉంది గదా."

కౌంటరు ముందున్న ఇద్దరికి చేతులు జోడించి, పట్టపగలు షట్టరు దించాను. రాజయ్య మోటారుసైకిలు వెనక కూర్చున్నాను. దారిలో ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడు. గాలికి వినబడనట్టు నటించాను. అది కూడా రాసి పెడుతున్నాను.

వార్డు డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నేను మరాఠీలో అంతా చెప్పాను. టీబీ కోర్సు ఎప్పుడో అయిపోలేదు, పత్తాలు ఇచ్చిన ముందు రోజే అయిపోయింది. పన్నెండు మిల్లీగ్రాములు రిఫాంపిసిన్ ఉన్నప్పటి మోతాదు. అంతకుముందు ఆమెకు సరిపోయింది ఐదే. గోళీల లెక్క చెప్పాను. ఫోటో చూపించాను. ఆమె అడుగు వరస చదివి కళ్లెత్తింది.

"మగ్ ఏవ్‌ఢే దివస్?" అంది. మరి ఇన్ని రోజులు ఏం చేశావని.

 ఆమె ఫోను తిరిగి ఇస్తూ, "టీబీ మందులు ఎప్పుడు ఆగాయని నేను కూడా అడిగి, వచ్చిన జవాబుతో ఊరుకున్నాను. తేదీ అడగవలసింది" అంది. అది ఆమె మంచితనం. వెంటనే నాగపూర్ డాక్టరుకు ఫోను చేసింది. ఆ రాత్రి ఐదు మిల్లీగ్రాములతో మొదలు, మూడు రోజులకోసారి పరీక్ష అని కాగితం మార్చి రాసింది. ఆ కొట్టివేత నేను కళ్లారా చూశాను.

తరువాత కనకవ్వ మంచం దగ్గరికి వెళ్లాను. పక్కన కూలరు గడగడమంటోంది. కుడి కాలు కింద దిండు పెట్టారు. నన్ను చూడగానే కొంగు సర్దుకుని, "అన్నా, నీ బొమ్మ గూడ నాకు సమజ్ కాలేదట సూడు" అంది.

"నీ లెక్క తప్పలేదు చెల్లె. మిగిలినయి నేను లెక్కపెట్టిన. పంతొమ్మిది రాత్రులు, ఒక్క గోళి ఇటు లేదు, అటు లేదు. తప్పింది నేను. టీబీ గోళి బందైతే గుండె గోళి తగ్గించాలె. నేను అడగలే. పరీక్ష చేపియ్యాల్నా అని నువ్వడిగినవు, వద్దన్న."

ఆమె నన్ను కాదు, భర్తను చూసింది.

"ఇన్నవా?"

రాజయ్య కూలరు వైపు తిరిగాడు.

"అన్నా" అంది నెమ్మదిగా. "టీబీ గోళి ఓవర్‌టైం పెట్టిందని నువ్వే చెప్తివి. ఓవర్‌టైం బందైందని గూడ నువ్వే చెప్పాలె గదా. నాకెట్ల తెలుస్తది?"

"నేనే చెప్పాలె."

"పత్తాలు ఎన్నడు లెక్కపెట్టినవు?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వీలు దొరికింది. "పోయిన బుధవారం" అన్నాను.

ఆమె వేళ్లు ముడిచి లెక్క వేసింది. "ఐదు దినాలు. ఐదు దినాలు గీయన నన్ను మొద్దు అన్నడు, నేను పడ్డ. నీకు ఎర్కుండి గూడ ఊకున్నవు." గోడ వైపు తిరిగి పడుకుంది. "పో అన్నా. దుకాణం తెరువు."

బయటికి వచ్చాక రాజయ్య నన్ను తిట్టాడు. మెట్ల మీద పదిమంది చూస్తుండగా తిట్టాడు. వింటూ నిలబడ్డాను. తిట్టి తిట్టి అలసిపోయి, చివరికి, "మా ఆమె ముంగట ఒప్పుకున్నవు, గంతవరకు నయం" అన్నాడు. మిషను అమ్మలేదు.

తరువాతి నెలన్నర, మూడు రోజులకోసారి, తరువాత వారానికోసారి, కనకవ్వను ఆటోలో పరీక్షకు నేనే తీసుకెళ్లాను. రాజయ్య డ్యూటీ వేళలు కుదరవు, ఆమె ఒంటరిగా మెట్లెక్కలేదు. నెల దాకా ఆమె నాతో మాట్లాడలేదు. అంకె వచ్చాక కాగితం నా చేతికి ఇచ్చేది, నేను చదివి చెప్పేవాణ్ని, ఆమె ఊ అనేది. రెండు పాయింటు ఒకటి. రెండు ఆరు. రెండు తొమ్మిది. ఐదు మిల్లీగ్రాముల దగ్గరే అది మళ్లీ కుదురుకుంది. రెండు తొమ్మిది వచ్చిన రోజు ఆటోలో, "ఇగ నా లివరు రిటైరైనట్టేనా?" అంది. నవ్వాలో వద్దో తెలియక బయటికి చూశాను.

కాలు అంత త్వరగా రాలేదు. నొక్కుకుపోయిన నరం మెల్లగా కోలుకుంటుంది. దసరా దాటే దాకా ఆమె మిషను తొక్కలేకపోయింది. లగ్గం జాకెట్లు వేరేవాళ్లు కుట్టారు. మిషనుకు మోటారు పెట్టిస్తానని అడిగాను. ఒప్పుకోలేదు.

"కాలు నాది, అదే రావాలె. నువ్వు నీ పని సూస్కో."

నా పని ఏమిటో అప్పుడు కూర్చుని ఆలోచించాను. కొత్త మందు మొదలైనప్పుడు అందరం అడుగుతాం. డాక్టరు అడుగుతాడు, నేను అడుగుతాను, రోగి కూడా అడుగుతాడు. మందు ఆగినప్పుడు ఎవరూ అడగరు. ఆగడం మంచి వార్త కాబట్టి మిఠాయి పంచుతారు. ఆ మిఠాయి తినేవాడిగా నేను ముందు అడగవలసింది, దీని పక్కన ఇంకేం నడుస్తున్నాయి, దీన్ని చూసుకుని దేని మోతాదు మార్చారు అని. నేను టీబీ సెంటరుకు వెళ్లి సిస్టరుకు జరిగింది చెప్పాను, నా తప్పుతో సహా. కోర్సు చివరి నెలలో ఉన్నవాళ్లు మిగతా మందులన్నీ తెచ్చి డాక్టరుకు చూపించాలని ఆమె ఇప్పుడు గుర్తు చేస్తోంది. ఖాళీ పత్తా మీద వార్ఫరిన్ ఇవ్వడం నా దుకాణంలో ఆపేశాను. చీటీ చూడాలి, కొత్త అంకె చూడాలి. కొందరు విసుక్కుని వేరే దుకాణానికి వెళ్లారు. కవరు మీద బొమ్మలు ఇప్పటికీ వేస్తాను, వాటి కింద తేదీ కూడా వేస్తాను. ఆ తేదీ దాటితే ఆ బొమ్మ చెల్లదని నోటితో చెబుతాను.

ఆమె కాలు వచ్చాక ఒక పని అడిగాను. ఇంట్లో ఎవరు ఎక్కడి నుంచి తెచ్చిన మందైనా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, అన్నీ ఒకేచోట పెట్టుకుని డాక్టరు దగ్గరికీ నా దగ్గరికీ తెచ్చేలా గుడ్డ సంచులు కుట్టమన్నాను. కొలత చెప్పాను. ఆమె విని తల అడ్డంగా ఊపింది.

"ఒక్క జేబు చాలదు. రెండు పెట్టాలె. నడిచేటియి ఒక దిక్కు, బందైనయి ఒక దిక్కు. బందైన దాని ఖాళీ పత్తా పారేయొద్దు, గా జేబుల ఎయ్యాలె. నడిచేదాన్ని అందరు సూస్తరు. నేను పడ్డది బందైన దాంతోని."

ఇరవై రెండేళ్ల నా చదువుకూ అనుభవానికీ తట్టని మాట అది. ఇప్పుడు నా దుకాణంలో రెండు జేబుల సంచులు వేలాడుతుంటాయి. నెత్తురు పలచన చేసే మందు వాడేవాళ్లకు, మూర్ఛ మందు వాడేవాళ్లకు, టీబీ వాళ్లకు ఇస్తాను. సంచి కౌంటరు మీద బోర్లించమంటాను. ముందు బందైనవాటి జేబు చూస్తాను.

మొదటి కట్ట సంచులు తెచ్చిన రోజు కనకవ్వ పైనున్నదాన్ని తీసి నా చేతికి ఇచ్చింది. "గిది నీది. ఎవ్వలకు ఇయ్యకు" అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది. కుడి కాలు కొంచెం ఆచితూచి వేస్తోంది, కానీ గోడ పట్టుకోలేదు.

సంచి తెరిచాను. నడిచే మందుల జేబు ఖాళీగా ఉంది. బందైనవాటి జేబులో మెత్తబడిన నా కవరు మడిచి పెట్టి ఉంది. రెండు పెద్ద సున్నాలు, ఒక చిన్న సున్నా, నెలవంక. దాన్ని కౌంటరు వెనక, నా కళ్లకు ఎదురుగా మేకుకు తగిలించాను. ఎవరైనా మిఠాయి డబ్బాతో మెట్లెక్కితే, నోరు తెరిచే ముందు ఒకసారి అటు చూస్తాను.